సురభి మాయాబజార్ చూసొచ్చాం, ముందు వరస టికెట్టు మాత్రం కొనకండి

పోయిన ఆదివారం గుంటూరులో సురభి సమాజం వాళ్ల మాయాబజార్ నాటకానికి అమ్మనీ మా అమ్మాయినీ తీసుకుని వెళ్లాను. మామూలు టికెట్టు 200, ముందు వరసలు 300. అమ్మకి చూపు అంతంతమాత్రం కదా అని 300వే తీసుకున్నా. అదే పొరపాటు. అంత దగ్గర్నుంచి చూస్తే ఆకాశంలో నారదుడి కంటే ముందు నారదుడిని మోస్తున్న తీగ కనిపిస్తుంది. ఇంటర్వెల్లో హాలు అబ్బాయిని బతిమాలి తొమ్మిదో వరసలోకి మారాం. అక్కడ్నుంచి చూస్తేనే అసలు నాటకం.

ఘటోత్కచుడు విస్తరి ముందు కూర్చోగానే లడ్లు ఒక్కొక్కటే లేచి గాల్లో ఈదుకుంటూ నోట్లోకి వెళ్తుంటే, రోజంతా ఫోన్లో గ్రాఫిక్స్ చూసే మా అమ్మాయి సీట్లోంచి లేచి నిలబడింది. తెరలు ఎంత వేగంగా మారుతున్నాయంటే, ద్వారక వీధి అంతఃపురంగా మారడానికి పట్టిన సమయంలో నేను నీళ్ల సీసా మూత కూడా తీయలేకపోయాను.

హాలు గురించి మాత్రం మంచిమాట చెప్పలేను. పేరెందుకు గానీ, ఆ మైకులు ఒకటే కీచుమనడం. శశిరేఖ పాట మధ్యలో మొత్తానికే ఆగిపోయాయి. నాకు టెన్షన్ వచ్చింది గానీ ఆ అమ్మాయికి రాలేదు. ఒక్క అడుగు ముందుకేసి గొంతు పెంచింది, హార్మోనియం ఆయన సొంతంగా తగ్గించాడు, పాట వెనక వరస దాకా వెళ్లింది. ఆ తర్వాత అదే అమ్మాయి మాయా శశిరేఖగా ఘటోత్కచుడిలా కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే హాలంతా పడీపడీ నవ్వింది.

అప్పుడే అమ్మ నా చెవిలో, "కమలాబాయి కూడా ఇట్లా పెరిగిందేనే" అంది.

సురభి కమలాబాయి గురించి అమ్మ చెబుతుంటే చిన్నప్పట్నుంచీ వింటున్నా గానీ పట్టించుకున్నది తక్కువ. పుట్టడమే స్టేజీ మీద పుట్టిందంటారు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి, తెర దించేశారట. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి ఈవిడే. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసినా, తీసింది ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని. సురభి వాళ్లకి అది అప్పటికే కొట్టినపిండి. అదే ఏడాది పాదుకా పట్టాభిషేకం, శకుంతల కూడా చేసింది. ప్లేబ్యాక్ లేని రోజులు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి, గొంతు మైకు దాకా వెళ్లాలి. ఆదివారం ఆ శశిరేఖని చూశాక, కమలాబాయికి అదేం పెద్ద పరీక్ష అయ్యుండదనిపించింది.

ఇంకో సంగతి. అప్పట్లో చాలా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవాళ్లు. స్థానం నరసింహారావు గారి సత్యభామకి జనం ఎంత పిచ్చెక్కిపోయారో మా తాతయ్య కథలు కథలుగా చెప్పేవాడు. సురభిలో అట్లా కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టిన వనారస గోవిందరావు గారి కుటుంబం, ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించింది. మరి మాట్లాడే బొమ్మకి పాడగలిగే హీరోయిన్ కావాల్సొస్తే ఇంకెక్కడికి వెళ్తారు?

మరాఠీ వాళ్లకీ ఒక కమలాబాయి ఉంది, కమలాబాయి గోఖలే. 1913లో ఫాల్కే తీసిన మూకీ సినిమా మోహినీ భస్మాసుర్‌లో, తల్లి దుర్గాబాయి పార్వతి అయితే ఈ పిల్ల మోహిని. అంతకుముందు రాజా హరిశ్చంద్రలో తారామతిగా వేసింది సాలుంకే అనే మగాయన! ఆ కమలాబాయి సినిమా నుంచి మళ్లీ నాటకాలకే వెళ్లిపోయింది. పిల్లల్ని పెంచిందీ స్టేజీ సంపాదనతోనే. నటుడు విక్రమ్ గోఖలేకి నానమ్మ ఆవిడ.

మన లీలావతిని చూద్దామంటే భక్త ప్రహ్లాద ప్రింటు దొరకదు. కానీ పాతాళభైరవి ఉంది కదా, 1951ది. అందులో తోటరాముడి తల్లి కమలాబాయే. అప్పటికి అమ్మ వేషాలకి వచ్చేసింది. ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకుని చూశాం. ఆవిడ మాట ఎక్కడా గొణుగుడుగా ఉండదు, ప్రతి అక్షరం చివరి వరసకి చెబుతున్నట్టే ఉంటుంది. మిగతావాళ్ల పక్కన కొంచెం ఎక్కువే అనిపించింది నాకు. అమ్మ ఒప్పుకోలేదు.

నాటకానికి అయిదుకి నాలుగున్నర. హాలుకి రెండు కూడా ఎక్కువే. క్యాంటీన్ టీ తాగకండి. పెద్దవాళ్లుంటే నడుము వెనక్కి చిన్న దిండు పట్టుకెళ్లండి, మూడు గంటలు ఆ కుర్చీల్లో కష్టం. ఆటో దొరకడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది.

వచ్చే ఆదివారం పాతాళభైరవి వేస్తున్నారు. మామూలు టికెట్లే, తొమ్మిదో వరసలో మూడు తీసుకున్నా. తోటరాముడి తల్లి వేషం ఎవరికిచ్చారో చూడాలని అమ్మ ఇప్పట్నుంచే కూర్చుంది.