చాలా ఏళ్ల తరువాత మళ్లీ సైకిలెక్కేవారికి: ఆరు నెలలు తొక్కిన హైబ్రిడ్ సైకిల్‌పై నా అభిప్రాయం

కళాశాల చదువు ముగిశాక 22 ఏళ్లు సైకిల్ ముట్టని నేను, 17,000 రూపాయలకు కొన్న హైబ్రిడ్ సైకిల్‌ను (రోడ్డు సైకిల్, మౌంటెన్ సైకిల్ లక్షణాలు కలిసినది) ఆరు నెలలుగా హైదరాబాద్‌లో తొక్కుతున్నాను. ముందు ఒకటే పళ్లచక్రం, వెనుక 8 గేర్లు, షాక్ అబ్జార్బర్లు లేని ఫోర్కు, 700×38 టైర్లు (700 సి అనే కొలత చక్రానికి సరిపడే, 38 మిల్లీమీటర్ల వెడల్పువి) ఉన్న సైకిల్ ఇది.

దుకాణంలో నాకు మొదట చూపించింది ముందు షాక్ అబ్జార్బర్లు, 21 గేర్లు ఉన్న సైకిల్‌ను. ఈ ధరలో వచ్చే షాక్ అబ్జార్బర్లు బరువును పెంచుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు మన కాలిబలంలో కొంత వాటి కుదుపుకే పోతుంది. 21 గేర్లలో చాలావరకు ఒకదానినొకటి పోలినవే కాబట్టి, అలవాటు తప్పిన వారికి ఒకే చేతితో మార్చుకునే 8 గేర్లు ఎంతో హాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన, సౌర ఫలకాల నీడనిచ్చే 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఇది తేలికగా సాగిపోతుంది. అక్కడికి చేరేలోపు ఎదురయ్యే గుంతలకూ స్పీడ్ బ్రేకర్లకూ మాత్రం, టైరు అంచున ముద్రించిన పరిమితికి లోబడి గాలి కాస్త తగ్గించుకుంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్రేము కొలత. నేను తొందరపడి మొదట ఒక సైజు పెద్దది తీసుకుని, మెడనొప్పి, అరచేతుల తిమ్మిరితో పది రోజులకే మార్చుకోవలసి వచ్చింది. సైకిల్‌కు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడినప్పుడు పై గొట్టానికీ శరీరానికీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉండాలి.

టైర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఈ సైకిల్‌కున్న 700 సి చక్రాన్నీ 28 అంగుళాలనే అంటారు గానీ, దాని రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, మన పాతకాలపు పెద్ద సైకిళ్ల 28×1½ రిమ్ముది 635 మిల్లీమీటర్లు. అందువల్ల వీధి చివరి దుకాణంలో దొరికే పాత సైకిల్ టైరు దీనికి పట్టదు. వాల్వు మాత్రం మోటారు సైకిళ్లకు ఉండే రకమే కావడంతో పెట్రోలు బంకులోనూ గాలి కొట్టించుకోగలుగుతున్నాను.

రిమ్మును పట్టే బ్రేకులు వానలో ఆలస్యంగా పట్టుకుంటాయి, అయినా వాటి రబ్బర్లను ఇంట్లోనే మార్చుకోవచ్చు. మడ్‌గార్డులు, స్టాండు, లైట్లు, తాళం సైకిల్‌తో రాలేదు. వాటికి మరో 2,500 రూపాయలు పట్టాయి.