చెరువు నుంచి చెరువుకు: ఈ ఎండాకాలం మా సైకిల్ క్లబ్బు ప్రయాణాలు

గిర్నిబావి దాటాక సగం రోడ్డు వడ్లే. ఇంకా తెల్లవారలేదు. ముందు పోతున్న లెక్కల సారు లైటు వెలుగులో మొదట పరదా అంచు, తర్వాత దాని మీద వరసగా పెట్టిన బండరాళ్లు కనిపించాయి. "రాళ్లు!" అని ఆయన కేక వేశారు. వెనకున్న పదమూడు మందిమి ఒకరి తర్వాత ఒకరం అదే మాట అందుకుంటూ కుడికి జరిగాం. కుప్ప చివర నులక మంచం మీద తువ్వాల కప్పుకుని పడుకున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు.

"ఏడికి పోతున్నరు బిడ్డా, ఇంత పొద్దుగాల?"

"పాకాలకు బాపూ."

"నీళ్లున్నయా మరి?"

సైకిల్ ఎంత పెట్టి కొన్నారని అడగలేదు, ఎందుకు ఇంత కష్టమనీ అడగలేదు. ముందు నీళ్ల సంగతే అడిగాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మేం తిరిగిన చోట్లన్నిటినీ నేను ఆ ప్రశ్నతోనే తూచాను. చూడటానికి ఎంత బాగుందన్నది తర్వాత. నీళ్లు దొరుకుతాయా, పదిన్నరకల్లా నీడ పట్టున చేరగలమా, మధ్యాహ్నం నడుం వాల్చడానికి చోటుందా, సైకిల్‌ను ఎండలో వదలకుండా పెట్టనిస్తారా. వరంగల్ ఎండలో సైకిల్ తొక్కేవాళ్లకు ఇవే అసలైన లెక్కలు.

ముందు క్లబ్బు కబుర్లు. మేం హనుమకొండలో వేయి స్తంభాల గుడి ముందు ఆదివారం నాలుగున్నరకు కలుస్తాం. ఈ ఏడు కొత్తగా చేరినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒకరు ఆస్పత్రిలో నర్సు. ఆ అక్క వచ్చాకే మా ఎండాకాలం పద్ధతులు దారిన పడ్డాయి. అంతకు ముందు ఓఆర్ఎస్ పొట్లం చింపి ముప్పావు లీటర్ సీసాలో మొత్తం పోసేసేవాళ్లం. పొట్లం లీటరు నీళ్లకు కొలిచి పెట్టినదని, తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం తీరకపోగా కడుపు తిప్పుతుందని అక్క చెప్పింది. ఇప్పుడు ఇద్దరికొక లీటర్ సీసా, అందులోనే కలుపుతాం. ఇంకో మాట కూడా అందరి చేత వల్లె వేయించింది. తొక్కుతూ తొక్కుతూ చెమట ఆగిపోయి చలిగా అనిపించినా, ఒళ్లు గగుర్పొడిచినా అక్కడే దిగాలి. ఆ ఊరు ఏదైనా సరే, గమ్యం ఎంత దగ్గరున్నా సరే.

2018లో ఐక్యరాజ్య సమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు పిల్లలతో కలిసి గుడి నుంచి ఖిలా వరంగల్ తోరణాల దాకా వెళ్లొచ్చాం. రోహిణి కార్తె కాబట్టి ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఇళ్లకు పంపేశాం.

ఇక ప్రయాణాల సంగతి. ఒక్క పొద్దుటి పూటలో ముగించాలంటే పాకాలను మించిన చోటు నాకు కనిపించలేదు. హనుమకొండ నుంచి పోను దాదాపు 50 కిలోమీటర్లు. నర్సంపేట దాకా రోడ్డు చదునుగా ఉంటుంది, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నర్సంపేట బస్టాండ్ దగ్గర ఇడ్లీ తినేసి, సీసాలు నింపుకుని అశోక్‌నగర్ మీదుగా అడవి వైపు తిరిగితే గాలే మారిపోతుంది. చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది, 1213లో కట్టించారంటారు. మే నెలలో నీళ్లు తగ్గి ఒడ్డు చాలా లోపలికి జరిగింది. అయినా కట్ట మీద నిలబడితే అవతలి గట్టు దాకా నీళ్లే. మేం వెళ్లిన రోజు బెస్తవాళ్లు వలలు దులుపుతున్నారు. కట్ట మీద చెట్ల కింద గంటసేపు కూర్చున్నాం. ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు.

లోటుపాట్లూ చెప్పాలి. నర్సంపేట దాటాక తినడానికి ఏదో దొరుకుతుందని నమ్ముకోవద్దు. మేం ఇంటి నుంచి బియ్యప్పిండి సర్వప్ప కట్టుకుని పోయాం. అది ఎండకు పాడుకాదు, రెండు ముక్కలు తింటే గంటన్నర బలం. కోతులున్నాయి, అరటిపండ్లు బయట పెట్టొద్దు. కట్ట పక్కన మట్టి దారిలోకి సైకిల్ దింపితే సర్కారు తుమ్మ ముళ్లు తప్పవు. ఆ రోజు పడిన మూడు పంక్చర్లూ అక్కడివే. తిరుగు ప్రయాణంలో మొత్తం ఎండ ముఖాన కొట్టదు గానీ వీపు మాడుతుంది. ఎనిమిదికల్లా బయల్దేరితేనే పదిన్నరకు ఇల్లు. వడ్ల కుప్ప దగ్గర బాపు మళ్లీ ఆపాడు. ఈసారి బిందెలో నీళ్లు ముంచి ఇచ్చాడు. పొద్దున చీకట్లో చూసిన కుప్పను అప్పటికే పలచగా నెరిపేశాడు. కాళ్లతో గీతలు గీసుకుంటూ ఎండకు తిప్పుతున్నాడు. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందన్నారట, ఇంకో రెండు రోజులు ఎండాలట. ఆ ఎండ ఆయనకు కావాలి, మాకు వద్దు. ఒకే రోడ్డును రెండు పక్కలా వాడుకుంటున్నాం. యాసంగి కోతల కాలంలో ఈ దారిన సైకిల్ మీద పోయేవాళ్లకు నా మనవి ఒక్కటే. వడ్ల మీదుగా తొక్కొద్దు, రాళ్లు జరపొద్దు.

రామప్పకు మే నెలాఖరులో రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. ములుగు రోడ్డులో పోను సుమారు 70 కిలోమీటర్లు. గూడెప్పాడ్ దగ్గర భూపాలపల్లి రోడ్డు చీలే దాకా లారీలు ఎక్కువ. బొగ్గు లారీలు అటు పోతాయి, ఇసుక లారీలు మాత్రం గోదావరి వైపు నుంచి మన రోడ్డు మీదికే వస్తాయి. తెల్లవారుజామున డ్రైవర్లకు నిద్రమత్తు ఉంటుంది, అందుకే వెనక ఎర్ర లైటు లేనివాళ్లను మేం రానివ్వం. పొద్దు పొడిచే వేళకు కటాక్షపూర్ చెరువు. వానల్లో ఇదే చెరువు మత్తడి దుంకి రోడ్డు మీదికి వస్తుంది. మేం వెళ్లినప్పుడు కొంగలు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. చాయ్ తాగడానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి, అక్కడి నుంచి ఎడమకు పాలంపేట. దారి పొడుగునా చలివేంద్రాలు ఉన్నాయి. తడి గోనె చుట్టిన కుండల్లో నీళ్లు నిజంగా చల్లగా ఉన్నాయి.

గుడి దగ్గరికి తొమ్మిదికి ముందే చేరాలి. ఎందుకంటే పదకొండు దాటితే గుడి చుట్టూ ఉన్న రాతి తిన్నె మీద కాలు మోపలేం, చెప్పులేమో బయటే విడవాలి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టిన సంగతి అందరూ చెబుతారు. నన్ను నిలబెట్టేసింది మాత్రం చూరు కింద ఒరిగి ఉన్న నల్లరాతి మదనికలు. చుట్టూ గుడంతా ఎర్రగా ఉంటే ఈ బొమ్మలు మాత్రం నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. లెక్కల సారు ఒక నాట్యకత్తె మెడలో గొలుసు చూపించారు. గొలుసు పూసలు ఒక్కొక్కటి విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, గొలుసు వెనక దాని నీడ పడుతోంది. లోపల స్తంభాల మధ్య చల్లగా ఉంది. ఆ చల్లదనంలో గంటన్నర ఉన్నాం.

బస దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. రామప్పకు కాస్త ఇవతల ఒక లాడ్జిలో నాలుగు గదులు ముందే ఫోన్లో మాట్లాడుకున్నాం. సైకిళ్లు ఉంటాయని, గదిలోనో వరండాలోనో పెట్టుకుంటామని చెప్పాం, సరేనన్నారు. తీరా వెళ్తే లోపలికి తేవద్దు, టైల్స్ పాడవుతాయన్నారు. బయట పడమటి గోడకు, సిమెంటు నేల మీద కట్టేసుకోమన్నారు. తడిగుడ్డతో చక్రాలు తుడిచి తెస్తామన్నా వినలేదు. సాయంత్రం నాలుగున్నరకు వచ్చి చూస్తే నాలుగు చక్రాల్లో గాలి లేదు. ట్యూబులు తీసి చూస్తే పాత పంక్చర్ల దగ్గర అతికించిన ప్యాచీలు వేడికి మెత్తబడి అంచులు లేచాయి. పగలంతా ఎండలో నిలబెట్టిన చక్రంలో గాలి ఒత్తిడి పెరుగుతుంది, అతుకు ఊరుకోదు. గదులు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ పనిచేసింది, అది కాదనను. కానీ సైకిల్ మీద వచ్చినవాడికి సైకిల్‌కు నీడ లేని బస, బస కాదు. ఇప్పుడు ఎక్కడ గది మాట్లాడుకున్నా సైకిల్ ఎక్కడ పెట్టుకుంటామో ఫోటో తీసి పంపమని అడుగుతున్నాం.

ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది పాలంపేటలో టిఫిన్ బండి నడుపుకునే అక్క. చెరువు కట్ట మీద పొద్దుగూకే దాకా కూర్చుని, ఆమె దగ్గర తినడానికి వెళ్లాం. మామిడికాయ పప్పు, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు. లాడ్జి సంగతి విని, "మా మిద్దె మీద పండుకోండ్రి అన్నా, సైకిళ్లు మా గోడ లోపల పెట్టుకోండ్రి" అంది. ఆడవాళ్లకు లోపల గది ఇచ్చింది. సామాను తెచ్చుకుని మిద్దె మీద చాపలు పరుచుకున్నాం. పొద్దున డబ్బు ఇవ్వబోతే తిండికి మాత్రం తీసుకుంది, పడకకు తీసుకోలేదు. చెరువు దగ్గర పర్యాటక శాఖ కాటేజీలు కూడా ఉన్నాయి. కుటుంబంతో, కారులో వచ్చేవాళ్లు వాటినే చూసుకోవడం మేలు. కానీ పాలంపేట లాంటి ఊళ్లలో ఇలా మిద్దె మీద పడకకు ధర కట్టి ఇచ్చే ఇళ్లు నాలుగు ఉంటే, సైకిల్ మీద తిరిగేవాళ్లు ఎండాకాలంలోనూ వస్తారు, ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

రెండో రోజు మేం చేసిన తప్పు దాచను. పొద్దున్నే ఘనపూర్ కోటగుళ్లకు వెళ్లాం, పాలంపేట నుంచి పది కిలోమీటర్ల పైచిలుకు. ప్రాకారం లోపల గుళ్ల గుంపు, చాలా వరకు శిథిలం. ఎవరూ లేరు, పావురాల చప్పుడు తప్ప. రామప్పలో దొరకని నిశ్శబ్దం అక్కడుంది. అందుకే కదలబుద్ధి కాలేదు, ఎనిమిది అయిపోయింది. తిరిగి వస్తుంటే మల్లంపల్లి దగ్గర మాలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు చలేస్తోందన్నాడు. నర్సక్క వెంటనే సైకిల్ దింపించి, చెట్టు కింద పడుకోబెట్టి, చొక్కా తడిపి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టింది. అరగంటకు తేరుకున్నాడు. ట్రాలీ ఆటోలో సైకిల్‌తో సహా నేరుగా హనుమకొండ ఆస్పత్రికి పంపాం, సాయంత్రానికి ఇంటికొచ్చాడు. మిగతావాళ్లం ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రామప్ప, కోటగుళ్లు రెండూ చూడాలనుకునేవాళ్లు రెండో పగలు కూడా పాలంపేటలోనే నీడన గడిపి మర్నాడు తెల్లవారుజామున బయల్దేరండి, లేదా కోటగుళ్లను చలికాలానికి వదిలేయండి.

లక్నవరం గురించి తక్కువే చెబుతాను. జూన్ మొదటి వారంలో వెళ్లాం. చల్వాయి దగ్గర హైవే వదిలి బుస్సాపూర్ వైపు తిరిగాక అడవి దారి బాగుంది. చెరువు మధ్యలో దీవులు, వేలాడే వంతెన, అన్నీ ఫోటోల్లో చూసినట్టే ఉన్నాయి. ఆదివారం కావడంతో వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యాహ్నమంతా కట్ట చెట్ల కింద గడిపాం. సాయంత్రం 75 కిలోమీటర్లు వెనక్కి తొక్కితే చీకట్లో ఇసుక లారీల మధ్య పడతాం, అందుకని ములుగు దాకా తొక్కి అక్కడి నుంచి డీసీఎం వ్యాను మాట్లాడుకున్నాం. ఎండాకాలంలో లక్నవరానికి రాత్రి బస లేకుండా పోవద్దు. దీవి మీద కాటేజీలు ఉన్నాయి, వారాంతాలకు చాలా ముందే మాట్లాడుకోవాలి. మామూలు రోజున వెళ్లగలిగితే ఇంకా మంచిది.

చివరగా పంక్చర్ల గురించి. మా సైకిళ్లలో సగానికి ప్రెస్టా వాల్వులున్నాయి, సన్నగా, పైన చిన్న మరతో ఉంటాయి. ఊళ్లలోని సైకిల్ షాపుల పంపు మూతి వాటికి పట్టదు. రామప్ప ప్రయాణంలో, మల్లంపల్లి దాటాక ఒక పల్లెలో సైకిల్ షాపు కాక మా ట్యూబును తొట్లో ముంచి బుడగ కనిపెట్టి, సొల్యూషన్ రాసి ఆరేదాకా ఊదుతూ చక్కగా అతికించాడు. పంపు పట్టుకుని గాలి కొట్టబోయి ఆగిపోయాడు. వాల్వును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "ఇదేం నోరు బిడ్డా, ఇంత సన్నగున్నది?" సారు తన సంచిలోంచి ఇత్తడి అడాప్టర్ తీసి వాల్వుకు బిగించారు. గోరంత ఉంటుంది, ముప్పై నలభై రూపాయలు. దాని మీద కాక పంపు సరిగ్గా కూర్చుంది. డబ్బులు ఇరవయ్యే తీసుకున్నాడు. వచ్చేటప్పుడు సారు ఆ అడాప్టర్‌ను ఆయనకే ఇచ్చేశారు, మీలాంటోళ్లు ఇంకా ఎవరన్న వస్తరా అని కాక అడిగినందుకు.

లక్నవరం పోయే రోజు ఆరున్నరకు ఆ షాపు ముందు ఆగాం, పని ఏమీ లేకపోయినా. కాక తలుపు తీసి ఊడుస్తున్నాడు. పంపు వేలాడే కొయ్యకు పక్కన కొత్త మేకు కొట్టి ఉంది. దానికి ఎర్ర దారంతో అడాప్టర్ కట్టి ఉంది.