టెసెరాక్ట్‌ని సోర్స్ నుంచి కట్టుకుంటూ నాలుగేళ్లు: ఒక డీటీపీ షాపు అనుభవం

మాది అంబాజీపేటలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కొబ్బరి వ్యాపారుల బిల్లు పుస్తకాలు రోజువారీ పని. అప్పుడప్పుడు ఎవరో ఒకరు పాత పుస్తకం పట్టుకొచ్చి "ఇది మళ్లీ అచ్చు వేయించాలండి" అంటారు. మొత్తం టైపు కొట్టడం కంటే, స్కాన్ చేసి అక్షరాలు గుర్తుపట్టించి దిద్దుకోవడం నయమని, ఆ గుర్తుపట్టే పని చేసే టెసెరాక్ట్ అనే ప్రోగ్రాం పట్టుకున్నాను. 2022 జనవరి నుంచి దాన్ని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) నుంచి నేనే కంపైల్ చేసుకుంటున్నాను, అంటే మెషీన్‌లో నడిచే ప్రోగ్రాంగా కట్టుకుంటున్నాను. నేను ప్రోగ్రామర్ని కాదు, బీకాం చదివాను.

ముందే కట్టి ఇచ్చే ప్యాకేజీ ఉండగా సోర్స్ ఎందుకంటే, అప్పుడు నా మెషీన్‌లో విండోస్‌కి బదులు ఉన్న ఉబుంటు 20.04లో దొరికేది టెసెరాక్ట్ 4.1.1. ఆ తర్వాతి 22.04లోనూ అదే ఇచ్చారు. 5.0 వెర్షన్ 2021 నవంబరు ఆఖర్లో వచ్చింది. లెక్కలు డబుల్‌కి బదులు ఫ్లోట్‌లో, అంటే సగం చోటు పట్టే అంకెల్లో చేస్తుంది కాబట్టి పని త్వరగా తెములుతుందన్నారు. నాలుగు జీబీ ర్యామ్‌తో ఈడ్చుకొస్తున్న డెస్క్‌టాప్ ఉన్నవాడికి ఆ మాట చాలదూ!

కట్టడంలో వరసగా మూడు మెట్లు: ఆటోజెన్ సరంజామా సిద్ధం చేస్తుంది, కాన్ఫిగర్ మెషీన్‌లో కావాల్సినవి ఉన్నాయో లేదో చూస్తుంది, మేక్ కంపైల్ చేస్తుంది. మొదటి రోజే ఆటోజెన్ స్క్రిప్టు "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని చెప్పి చేతులెత్తేసింది. దానికి కావాల్సిన ఆటోమేక్, లిబ్‌టూల్ అనే పనిముట్లు లేవు. అవి వేస్తే కాన్ఫిగర్ దగ్గర సింటాక్స్ ఎర్రర్, లెప్టోనికా (టెసెరాక్ట్ బొమ్మలు చదవడానికి వాడుకునే లైబ్రరీ) అన్న పేరు పక్కన కామా చూపిస్తూ. ఫైలు తెరిచి ఆ కామా తీసేద్దామని కూర్చున్నాను, నవ్వకండి. నిజానికి లేనిది పీకేజీ-కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రాం. అది వేసి ఆటోజెన్ మళ్లీ నడిపితే ఎర్రర్ పోయింది. ఆ వెంటనే "లెప్టోనికా 1.74 లేదా అంతకంటే కొత్తది కావాలి" అంది. లెప్టోనికా మెషీన్‌లో ఉంది కదా అని నా వాదన. ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ చాలు, కట్టడానికి మాత్రం ఆ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైళ్లు కావాలి. అవి పేరు చివర "డెవ్" అని ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. ఈ నాలుగేళ్లలో నాకొచ్చిన ఎర్రర్లలో సగానికి పైగా ఈ డెవ్ లేనివే.

ఇక మేక్. ఎవరో చెప్పారని జె8 ఇచ్చాను, అంటే ఒకేసారి ఎనిమిది ఫైళ్లు కంపైల్ చేయమని. అప్పుడే ఒక రిటైర్డ్ మాస్టారు వాళ్ల నాన్నగారి పద్యాల పుస్తకం కోసం వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. తెర మీద లైన్లు పరుగెడుతుంటే ఆయనకి ముచ్చటేసింది.

"అయిపోతోందా బాబూ?"

"ఆయ్, అయిపోతోందండి మాస్టారూ."

ఆ మాట పూర్తయ్యేలోపే మెషీన్ బిగుసుకుపోయింది. తేరుకున్నాక చూస్తే కంపైలర్ "కిల్డ్" అని ఉంది. కోడ్‌లో తప్పేమీ లేదు. మెమరీ చాలక ఉబుంటు గుండెకాయ లాంటి కెర్నెలే దాన్ని చంపేసింది. జె2కి తగ్గించి, డిస్కులో కొంత చోటుని మెమరీలా వాడుకునే స్వాప్ ఫైలు నాలుగు జీబీది పెట్టాక మళ్లీ ఆ గొడవ లేదు. ఇంకో మాట. జె ఎక్కువ ఉంటే అసలు తప్పు ఎక్కడో పైన ఉండిపోతుంది, అడుగున కనిపించే "ఎర్రర్ 2" వల్ల ఉపయోగం లేదు. జె లేకుండా ఉత్త మేక్ ఇంకోసారి కొడితే సరిగ్గా తప్పు దగ్గరే ఆగుతుంది.

నన్ను బాగా ఏడిపించింది గడియారం. 2022 మే నెలాఖరులో జిల్లా పేరు మీద గొడవలై కోనసీమలో నెట్ ఆగిపోయింది. సోర్స్ ముందే దించి, ఆటోజెన్ కూడా నడిపి పెట్టుకున్నాను కాబట్టి ధీమాగా ఉన్నాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. కాన్ఫిగర్ కొడితే "కొత్తగా చేసిన ఫైలు పాత ఫైళ్ల కంటే పాతది" అంటుంది! ఇదేం పొడుపు కథ అనుకుని, దించుకున్న ఫైలే పాడైందని రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాను. ఆ వాక్యం చివరే "సిస్టమ్ గడియారం చూసుకో" అని ఉంది, నేనే పూర్తిగా చదవలేదు. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. రోజూ నెట్ నుంచి టైము సరిచేసుకుంటూ ఉండేసరికి నాకు తెలియలేదు. నెట్ లేని రోజు మెషీన్ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి లేచింది. తేదీ చేత్తో సరిచేసి పని కానిచ్చాను, తర్వాత బ్యాటరీ మార్చాను.

ఇలా ఆగిపోయే ఎర్రర్ల మీద నాకు కోపం లేదు. కోపమంతా ఏ ఎర్రరూ లేకుండా పూర్తయిన బిల్డ్ మీద. ఒకసారి ఉత్సాహం ఎక్కువై లెప్టోనికా కూడా సోర్స్ నుంచే కట్టాను. అంతా సాఫీగా అయింది. నా స్కాన్లన్నీ టిఫ్ ఫైళ్లు, బాగానే నడిచాయి. కొన్నాళ్లకి ఒకాయన పీఎన్‌జీ ఫైళ్లు తెస్తే "ఫంక్షన్ నాట్ ప్రెజెంట్" అంది. ఆయన పెన్‌డ్రైవ్‌ని అనుమానించాను, స్కానర్‌ని అనుమానించాను. జరిగింది ఏమిటంటే, కట్టే రోజున పీఎన్‌జీ డెవ్ ప్యాకేజీ లేదు, కాన్ఫిగర్ కిక్కురుమనకుండా ఆ భాగం వదిలేసి ముందుకెళ్లిపోయింది. టెసెరాక్ట్‌కి కొత్త అక్షరాలు నేర్పే ట్రైనింగ్ టూల్స్ దగ్గరా ఇదే తంతు. వాటికి కావాల్సిన ఐసీయూ, పాంగో అనే లైబ్రరీలు లేకపోతే "అవి కట్టను" అని ఒక హెచ్చరిక వస్తుంది, వందల లైన్లలో కొట్టుకుపోతుంది. అప్పటి నుంచి బిల్డ్ అయిన ప్రతిసారీ టెసెరాక్ట్ వెర్షన్ అడుగుతాను. లెప్టోనికాతో పాటు జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్ లైబ్రరీల పేర్లన్నీ అందులో వరసగా వస్తాయి. ఏదైనా తగ్గితే షాపులో వాడకుండా మళ్లీ కడతాను.

ఇన్‌స్టాల్ అయ్యాక లైబ్రరీ దొరకలేదంటే, లైబ్రరీల జాబితాని తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ కొట్టండి, అంతే. సోర్స్ ఫోల్డర్ మాత్రం పారేయకండి. డిస్కు ఖాళీ చేద్దామని నేను పారేశాను. తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి అదే కావాల్సొచ్చింది.

ఇంత పడ్డాక ఫలితం? వేగం పెరిగిన మాట నిజం. కొత్త ప్రింట్లని బాగా చదువుతుంది. పాత లెటర్‌ప్రెస్ పుస్తకాల్లో ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి, అది సోర్స్ నుంచి కట్టినంత మాత్రాన పోయే జబ్బు కాదు. ఉబుంటు 24.04లో 5.3.4 ప్యాకేజీగానే వస్తోంది కాబట్టి, ఈరోజు మొదలుపెట్టేవాళ్లకి సోర్స్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను. నేను ఇంకా కడుతున్నది ఒక్క ట్రైనింగ్ కోసం. పాత అచ్చు అక్షరాలు నేర్పుదామని, టెసెరాక్ట్ వాళ్లు ఇచ్చే "బెస్ట్" అనే మోడల్ (అక్షరాలు ముందే నేర్చుకుని ఉన్న ఫైలు) మీద కుస్తీ పడుతున్నాను. ఈలోగా మాస్టారి పుస్తకంలో "ఘ" వచ్చిన చోటల్లా చేత్తోనే దిద్దుతున్నాను. ఇంకా నలభై పేజీలున్నాయి.