తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో మెయిన్‌లైన్ స్టెబిలైజర్

2016 మే నెలలో మా ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. అప్పటికే అమ్మ ఇన్సులిన్ తీసుకుంటోంది. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట ఎండ మండిపోతోంది. సీసాలను స్టీలు డబ్బాలో మూతపెట్టి, ఆ డబ్బాను కొత్త కుండలో దించి, చుట్టూ తడిగుడ్డ కప్పి నాలుగు రోజులు నెట్టుకొచ్చాం. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకుని కొన్నదే, ఇంటికొచ్చే మెయిన్‌లైను మీద వోల్టేజ్ హెచ్చుతగ్గులను సరిచేసే ఈ 5 కేవీఏ (అది మోయగల లోడు) స్టెబిలైజర్. అప్పట్లో తొమ్మిది వేలు దాటింది.

మాది మార్కాపురం వైపు పల్లె. మా ఇల్లు లైనుకు చిట్టచివర. ఊరి చివరి బోర్లు కొన్ని కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉండేవి. మోటార్లన్నీ ఒకేసారి వేయగానే మా ఫ్యాను ఈసురోమనేది, ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటూ వెలిగేది కాదు. ఫ్రిజ్ వెనక నుంచి ఉండుండి 'టక్' అని చప్పుడు. దాన్ని మేం పట్టించుకోలేదు. కంప్రెసర్ లేవలేక, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చు కట్టయ్యే చప్పుడు అదేనని మెకానిక్ చెప్పాకే తెలిసింది. మోటారుకు వోల్టేజ్ 230 నుంచి 160కి పడితే లాగే బలం ఇంచుమించు సగమైపోతుంది. లేవలేని మోటారు కరెంటును మాత్రం ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ వేడికి వైండింగ్ మాడిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్ లాంటివి లో వోల్టేజ్‌లోనూ పనిచేస్తాయి కాబట్టి ఇల్లంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల ఫ్రిజ్ నలిగిపోతుంటుంది.

స్టెబిలైజర్ పెట్టాక మొదటి మేలు దాని ముందున్న అంకెలే. వచ్చే వోల్టేజ్ ఎంతో, ఇంట్లోకి పోయేది ఎంతో కంటికి కనబడింది. మధ్యాహ్నం 155, తెల్లవారుజామున 252. హై వోల్టేజ్ కూడా ఉందని అంతకుముందు మాకు తెలియనే తెలియదు. బల్బులు ఎందుకు త్వరగా పోతున్నాయో అప్పుడు అర్థమైంది. లోపలికి 155 వచ్చినా ఇంటికి 210 దాకా ఇచ్చేది. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి వదులుతుంది. నా లెక్కలో వోల్టేజ్ పెంచడం కంటే ఈ ఆగడమే ఫ్రిజ్‌ను ఎక్కువ కాపాడింది. కంప్రెసర్ ఆగిన వెంటనే లోపల గ్యాస్ ఒత్తిడి తగ్గదు, ఆ ఒత్తిడి మీద మళ్లీ లేవాలంటే దానికి చాలా కష్టం.

ఇబ్బందులు లేకపోలేదు. ఇది రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) రకం, మెట్లు మెట్లుగా మారుతుంది. మారినప్పుడల్లా లైట్లు ఒక్కసారి ఉలిక్కిపడతాయి. రాత్రి నిశ్శబ్దంలో 'టిక్ టిక్' వినబడుతుంది. రిలే పాయింట్లు నల్లగా మాడితే 2019లో ఒకసారి, 2023లో ఒకసారి మార్పించాను. చిన్న మోటారుతో మెల్లగా సరిచేసే సర్వో రకంలో ఈ కుదుపు ఉండదు, కానీ ధర ఎక్కువ, కార్బన్ బ్రష్షులు చూసుకుంటూ ఉండాలి. ఇంకోటి, వోల్టేజ్ బాగా పడినప్పుడు డబ్బా మీద రాసిన 5 కేవీఏ మొత్తం దాని నుంచి ఆశించకూడదు. అందుకే బోరు మోటారును దీని మీద పెట్టలేదు.

2021 వానాకాలంలో గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగింది. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల్లో ఏ ఇంటికి ఎంత వాటా పడుతుందో చెప్పలేం. ఒక ఇంట్లో బల్బు గుడ్డిగా వెలిగితే పక్కింట్లో టీవీ పేలుతుంది. అంకెలు 310 దాటడం నా కళ్లతో చూశాను. వెంటనే స్టెబిలైజర్ 'టక్'మని కట్టయింది. లోపల కంట్రోల్ కార్డు కాలిపోయింది గానీ ఇంట్లో సామాను ఒక్కటీ పోలేదు. స్టెబిలైజర్‌తో సంబంధం లేకుండా నేరుగా లైనుకిచ్చిన స్నానాలగది బల్బు మాత్రం పగిలింది. పక్కింట్లో టీవీ, రెండు ఫ్యాన్లు కాలాయి. కార్డు రిపేరుకు 700 అయింది. ఇది పిడుగును ఆపదు, ఉరుములు మొదలైతే ఇప్పటికీ ప్లగ్గులు పీకేస్తాం.

వాడుతుండగా ఒక సంగతి నన్ను బాగా బాధపెట్టింది. స్టెబిలైజర్ కరెంటును సృష్టించదు. వోల్టేజ్ పెంచడానికి లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, దాంతో అదే లైను మీదున్న ఇళ్లకు మరికాస్త తగ్గుతుంది. మా అత్తవాళ్లిల్లు మా వెనకే. వాళ్లకు స్టెబిలైజర్ లేదు. అందుకని నెలరోజుల పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు నోటు పుస్తకంలో రాశాను. 230 మీద ఆరు శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదన్నది నియమం, అంటే 216 నుంచి 244. మా పుస్తకంలో మధ్యాహ్నాలన్నీ దానికి కిందే. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, ఆ పేజీలు జిరాక్స్ తీసి వీధిలో పదకొండు ఇళ్ల సంతకాలతో అర్జీ ఇచ్చాం. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. 2022 చివర్లో బోర్లకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఆ తర్వాత మధ్యాహ్నం 205కు తగ్గడం అరుదు.

ఇప్పుడు స్టెబిలైజర్‌కు పని తగ్గింది, అయినా తీయలేదు. 2016లో కంప్రెసర్ మార్పించిన ఆ పాత ఫ్రిజ్ ఇంకా నడుస్తోంది. హైదరాబాద్‌లో ఉండే చెల్లి పోయిన నెల అడిగింది, "అన్నయ్యా, మేమూ ఒకటి కొనమంటావా?" అని. ముందు సాకెట్లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ కొని వారం రోజులు చూడమన్నాను. వాళ్లకు ఎప్పుడు చూసినా 225, 235 మధ్యే ఉందట. వద్దన్నాను.