డిస్క్ వచ్చింది, వీఎం లేవలేదు: వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కు మారిన ఏడాదిన్నర తర్వాత

వీఎం అంటే వర్చువల్ మెషీన్, ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే కంప్యూటర్. వీఎంవేర్, ప్రాక్స్‌మాక్స్ రెండూ వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్లే. మా వీఎంలను మొదటి దాన్నుంచి రెండోదానికి మార్చాం. ఒకరోజు ఇంపోర్ట్ బార్ 100 శాతానికి చేరింది. కింద 'టాస్క్ ఓకే' అని వచ్చింది. కన్సోల్ తెరిచి స్టార్ట్ నొక్కాను. విండోస్ గుర్తు కనబడింది, చుక్కలు నాలుగు చుట్లు తిరిగాయి, తర్వాత తెరంతా నీలం. బూట్ చేయాల్సిన డిస్క్ అందుబాటులో లేదట. లేని డిస్క్ మీద నుంచి ఇంతదాకా ఎలా లేచావు మరి అని అడగాలనిపించింది.

ఆ ప్రశ్నకు నిజంగానే జవాబుంది. బూట్‌లో మొదటి భాగం బయోస్ సాయంతో డిస్క్ చదువుకుంటూ పోతుంది. కర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) లేచాక మాత్రం విండోస్ తన సొంత డ్రైవర్‌తో చదవాలి. వీఎంవేర్ కింద ఉన్నన్నాళ్లూ అది చూసిన డిస్క్ కంట్రోలర్ వేరు. ఇక్కడ నేను తగిలించింది వర్ట్‌ఐఓ స్కజీ, వీఎంల కోసమే చేసిన కంట్రోలర్. దాని డ్రైవర్ విండోస్‌తో పాటు రాదు, విడిగా వేసుకోవాలి. డేటా అంతా చెక్కుచెదరకుండా వచ్చింది, దాన్ని చదివే దారి మాత్రం లేదు.

దీనికి మేం చివరికి స్థిరపడిన పద్ధతి ఇది. అసలు డిస్క్‌ను ముందు సాటా (విండోస్‌కు ముందే తెలిసిన కంట్రోలర్) కింద తగిలించి బూట్ చేస్తాం. పక్కన 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి వర్ట్‌ఐఓ స్కజీ కింద పెడతాం. దాన్ని మేం 'ఎర' అని పిలుచుకుంటాం. లోపలికి వెళ్లి వర్ట్‌ఐఓ ఐఎస్ఓ నుంచి డ్రైవర్లు వేస్తాం. విండోస్ ఆ ఎరను చూసి, ఈ కంట్రోలర్ మనింట్లో ఉంది అని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత షట్‌డౌన్ చేసి ఎరను తీసేసి, అసలు డిస్క్‌ను సాటా నుంచి విడదీసి స్కజీకి మార్చి, బూట్ ఆర్డర్‌లో టిక్ పెట్టి స్టార్ట్ చేస్తాం. ఆ చివరి టిక్ మర్చిపోయి, వీఎం నెట్‌వర్క్ నుంచి బూట్ అవడానికి చూస్తుంటే పది నిమిషాలు బుర్ర గోక్కున్న రోజులు కూడా ఉన్నాయి. డ్రైవర్లు పాత చోటే వేసుకుని వస్తే ఎర అక్కర్లేదు కదా అనుకున్నాం. మా దగ్గర అది కుదరలేదు. డ్రైవర్ ఫైళ్లు ఉన్నా, ఆ పరికరం ఒక్కసారైనా కంటపడితే తప్ప విండోస్ దాన్ని బూట్ సమయంలో లోడ్ చేయలేదు.

ఎందుకు మారామో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2023 నవంబర్‌లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. ఆ డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయి అంతా సబ్‌స్క్రిప్షన్ అయింది. మా హోస్టులు (వీఎంలను మోసే సర్వర్లు) మూడూ వీఎంవేర్ వారి వీస్పియర్ 7 మీద ఉండేవి, దాని సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 2తో ముగుస్తుందని ముందే తెలుసు. ఎలాగూ పెద్ద పని తప్పదు అన్నప్పుడు ఇంకో దారి కూడా చూద్దాం అనుకున్నాం. ప్రాక్స్‌మాక్స్ వియన్నాలోని కంపెనీది, 2008 నుంచి ఉంది. కింద ఉండేది డెబియన్ లినక్స్, వీఎంలను నడిపే అసలు పని చేసేది 2007లోనే లినక్స్ కర్నెల్‌లో చేరిన కేవీఎం. కొత్త ప్రయోగం ఏమీ కాదు. దానికి తోడు 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.2లో ఈఎస్ఎక్స్ఐ (హోస్ట్ మీద ఉండే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) నుంచి వీఎంలను నేరుగా లాక్కునే ఇంపోర్ట్ విజార్డ్ పెట్టారు. మేం మొదలుపెట్టింది ఆ ఏడాది మధ్యలో. మొత్తం 43 వీఎంలు. ఒక హోస్ట్‌ను ఖాళీ చేసి దాని మీద ప్రాక్స్‌మాక్స్ వేసి, కొన్ని వీఎంలు అటు జరిపి, తర్వాత రెండో హోస్ట్‌ను ఖాళీ చేసి... ఇలా నాలుగు నెలలు పట్టింది.

విజార్డ్ గురించి నాకు ఫిర్యాదు లేదు. ఈఎస్ఎక్స్ఐ హోస్ట్‌ను ఒక స్టోరేజ్‌లా జోడిస్తే అందులోని వీఎంలన్నీ జాబితాగా కనిపిస్తాయి. ఎంచుకోవడం, నెట్‌వర్క్ బ్రిడ్జ్ చెప్పడం, నొక్కడం, అంతే. కాకపోతే వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒకచోట నుంచి నడిపే వీఎంవేర్ సర్వర్) ద్వారా కాకుండా హోస్ట్‌కే నేరుగా కలపండి. వీసెంటర్ దారిలో కూడా వస్తుంది గానీ నత్తనడక. ఒకేసారి నాలుగైదు వీఎంలు లాగాలని చూడకండి, అవతలి ఈఎస్ఎక్స్ఐ అన్ని కనెక్షన్లు ఒప్పుకోక 503 ఎర్రర్ ఇస్తుంది. స్నాప్‌షాట్లు (వీఎం ఒకప్పటి స్థితిని గుర్తుంచుకునేవి) ఉంటే ముందే కలిపేయండి. మా వాటిలో ఒకదానికి మూడేళ్ల నాటి స్నాప్‌షాట్ ఉంది. 'అప్‌డేట్‌కు ముందు, రేపు తీసేయాలి' అని దాని పేరు. పెట్టింది నేనే.

లైవ్ ఇంపోర్ట్ అని ఒక టిక్ బాక్స్ ఉంది. కాపీ పూర్తవకముందే వీఎం కొత్త చోట లేచి, కావలసిన బ్లాకులను అప్పటికప్పుడు పాత చోటు నుంచి తెచ్చుకుంటుంది. డౌన్‌టైమ్ తగ్గుతుందని అందరికీ ఆశ పుడుతుంది. కానీ మధ్యలో నెట్‌వర్క్ తెగి ఇంపోర్ట్ ఆగిపోతే, లేచిన దగ్గర్నుంచి అందులో రాసిన డేటా అంతా పోతుంది. వెబ్ సర్వర్‌కైతే సరే. డేటాబేస్‌కు నేనైతే ఆ టిక్ పెట్టను. రాత్రి రెండు గంటలు ఆపుకోవడమే నయం.

లినక్స్ వీఎంలు సులువుగా వస్తాయని అందరూ అంటారు. డ్రైవర్లు కర్నెల్‌లోనే ఉంటాయి కాబట్టి సగం నిజమే. మా మొదటి ఉబుంటు ఏ గొడవా లేకుండా లేచింది, లాగిన్ వచ్చింది, నెట్‌వర్క్ మాత్రం లేదు. పాత చోట దాని కార్డు పేరు ఈఎన్ఎస్192. ఇక్కడ అదే కార్డు ఈఎన్ఎస్18 అయింది. నెట్‌వర్క్ అమరికలుండే నెట్‌ప్లాన్ ఫైలేమో ఇంకా 192 కోసమే ఎదురుచూస్తోంది. కన్సోల్‌లో ఒక్క మాట మార్చి అప్లై చేస్తే అయిపోయింది. రెండో వీఎం నుంచి ఆ ఫైల్‌లో పేరుకు బదులు కార్డుకు సొంతమైన మ్యాక్ చిరునామా రాసి ఆ తర్వాతే కదిలించాం.

రెడ్‌హ్యాట్ కుటుంబం వీఎంలే అసలు టెన్షన్ పెట్టాయి. వీటిలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) తయారయ్యేటప్పుడు ఆ మెషీన్‌కు అవసరమైన డ్రైవర్లే అందులో చేరతాయి. వీఎంవేర్ మీద తయారైంది కాబట్టి వర్ట్‌ఐఓ అందులో లేదు. కర్నెల్‌లో డ్రైవర్ ఉంది, కానీ అది ఉన్న డిస్క్‌ను తెరవడానికే ఆ డ్రైవర్ కావాలి. తాళంచెవి బీరువాలోనే పెట్టి బీరువాకు తాళం వేసినట్టు. ఫలితం, డ్రాకట్ (ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను తయారు చేసే పనిముట్టు) ఎమర్జెన్సీ షెల్. కంగారులో లైవ్ సీడీ కోసం వెతుకుతుంటే మా జూనియర్ ఒకతను 'అన్నా, గ్రబ్‌లో రెస్క్యూ ఎంట్రీ ఉంది కదా, అది ట్రై చేయండి' అన్నాడు. గ్రబ్ అంటే బూట్ మెనూ. రెస్క్యూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో డ్రైవర్లన్నీ ఉంటాయి. వెంటనే లేచింది. లోపలికెళ్లి డ్రాకట్‌తో మళ్లీ తయారు చేయించి రీబూట్ చేశాం. అప్పట్నుంచి ఇది కూడా కదిలించడానికి ముందే చేసే పని అయింది.

విండోస్ నెట్‌వర్క్‌కు వేరే చిక్కు. కొత్త కార్డుకు పాత స్టాటిక్ ఐపీ ఇవ్వబోతే, ఈ చిరునామా ఇప్పటికే వేరే అడాప్టర్‌కు ఉంది, ఆ అడాప్టర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేదు అంటుంది. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలు చూపించమంటే పాత వీఎంఎక్స్‌నెట్3 కార్డు మసకగా కనబడుతుంది. దాన్ని తీసేస్తే గొడవ లేదు. వీఎంవేర్ టూల్స్ (వీఎం లోపల వేసే వీఎంవేర్ డ్రైవర్లు, పనిముట్లు) మాత్రం పాత చోట ఉండగానే తీసేయండి. ఇక్కడికి వచ్చాక తీయబోతే, ఇది వీఎంవేర్ వీఎం కాదు కాబట్టి తీయనని అదే మొండికేస్తుంది. మూడు వీఎంలలో రిజిస్ట్రీలోకి దిగి చేత్తో పీకాల్సి వచ్చింది.

యూఈఎఫ్ఐ (బయోస్‌కు బదులు వచ్చిన కొత్త పద్ధతి) వాడే వీఎంలకు బూట్ అమరికలు దాచే ఈఎఫ్ఐ డిస్క్ జోడించాలి, లోపల బూట్ ఎంట్రీలు పోతే మెనూలోకి వెళ్లి లోడర్ ఫైల్‌ను చూపించాలి. వర్చువల్ టీపీఎం (తాళంచెవులు దాచే భద్రతా చిప్‌కు నకలు)లోని సమాచారం మాత్రం కదిలి రాదు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న వీఎం అయితే ముందే ఆపేయండి, లేదా రికవరీ కీ చేతిలో ఉంచుకోండి. ఆ కీ అదే వీఎంలో దాచుకున్నవాళ్లకు చెప్పేదేమీ లేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మైగ్రేషన్‌లో తగల్లేదు, అయిన మూడు వారాలకు తగిలింది. తప్పు పూర్తిగా మాదే. కదిలించిన వీఎంల పాత కాపీలను ఏదైనా అయితే పనికొస్తాయని ఈఎస్ఎక్స్ఐ మీద ఆపి ఉంచాం. ఒక ఆదివారం కరెంటు పోయి వచ్చింది. మిగిలిన పాత హోస్ట్ లేచింది. దాంట్లో ఆటోస్టార్ట్ జాబితా ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. పాత ఫైల్ సర్వర్ కూడా లేచి కూర్చుంది. అదే ఐపీ, అదే మ్యాక్. స్విచ్‌లో ఆ మ్యాక్ ఈ పోర్ట్‌లోనా ఆ పోర్ట్‌లోనా అని ఊగుతోంది. పది నిమిషాలు కొత్త సర్వర్ పలుకుతుంది, ఐదు నిమిషాలు పాతది పలుకుతుంది. సోమవారం పొద్దున్నే వచ్చిన ఫిర్యాదు 'ఫైళ్లు మూడు వారాలు వెనక్కి వెళ్లాయి' అని. తర్వాతి ఫోన్ 'ఇప్పుడు సరిగ్గానే ఉన్నాయి' అని. ఏది ఎక్కడ సేవ్ అయిందో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు పాత కాపీకి మేం చేసే మొదటి పని నెట్‌వర్క్ కార్డు కనెక్ట్ టిక్ తీసేయడం, రెండోది ఆటోస్టార్ట్ తీసేయడం. పేరు ముందు 'పాత' అని చేర్చడం మూడోది, అది మన కళ్ల కోసం.

మరి ఏడాదిన్నర వాడాక ఎలా ఉంది?

బ్యాకప్ విషయంలో వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేకపోయింది. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ విడిగా ఒక పాత మెషీన్ మీద వేశాం. మొదటిసారి పూర్తి కాపీ, తర్వాత మారిన బ్లాకులే వెళ్తాయి. ఒకేలాంటి బ్లాకులు ఎన్ని వీఎంలలో ఉన్నా ఒక్కసారే దాస్తుంది. రోజువారీ బ్యాకప్ రాత్రంతా నడిచేది, ఇప్పుడు అరగంటలో ముగుస్తోంది. ఒక చిన్న సంగతి: వీఎం ఆపి స్టార్ట్ చేస్తే ఏ బ్లాకులు మారాయన్న లెక్క చెరిగిపోతుంది, ఆ రోజు డిస్క్ మొత్తం మళ్లీ చదువుతుంది. మొదట్లో దీన్ని చూసి ఏదో పాడైందనుకున్నాం.

ఇంకా నచ్చింది, దేనికీ విడిగా వీసెంటర్ లాంటిది అక్కర్లేకపోవడం. ఏ నోడ్ (ఒక హోస్ట్) వెబ్ పేజీ తెరిచినా మొత్తం క్లస్టర్ (హోస్టులన్నీ) కనిపిస్తుంది. ఏదైనా మొరాయిస్తే కింద ఉన్నది మామూలు లినక్స్ కాబట్టి లాగ్‌లు చూసుకోవచ్చు. ఈ సుఖం లినక్స్ తెలిసినవాళ్లకే. మా టీంలో మౌస్‌తోనే పని చేసుకునే ఇద్దరికి మొదటి ఆరు నెలలు నరకంలా ఉందని వాళ్లే అన్నారు.

బెంగ పెట్టుకున్నది వీఎంవేర్‌లోని డీఆర్ఎస్ మీద. అక్కడ ఒక హోస్ట్ వేడెక్కితే అదే వీఎంలను సర్దేది. మా వెర్షన్‌లో అలా నడుస్తున్నప్పుడే లోడ్ చూసి సర్దే ఏర్పాటు లేదు, మనమే జరుపుకోవాలి. మూడు హోస్టులకు అది పెద్ద బరువేమీ కాదు. ముప్ఫై ఉంటే ఆలోచించుకోవాలి. మైగ్రేట్ చేసేటప్పుడు సీపీయూ టైపు సంగతి చూసుకోండి. వేగం వస్తుందని మొదట్లో అన్నిటికీ 'హోస్ట్' (ఆ సర్వర్ ప్రాసెసర్‌నే వీఎంకు యథాతథంగా చూపడం) అని పెట్టాను. మా మూడో హోస్ట్ ప్రాసెసర్ పాత తరానిది. నడుస్తున్న వీఎంను అటు జరిపిన మరుక్షణం లోపలి ప్రోగ్రాం కుప్పకూలింది. ఇప్పుడు అన్నిటికీ మూడు హోస్టులూ భరించే మామూలు టైపే.

స్టోరేజ్ దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని నిర్ణయం తీసుకోండి. ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్క్ ఇచ్చే పద్ధతి) మీద అన్ని హోస్టులూ పంచుకునే పెట్టె ఉన్నవాళ్లకు వీఎంవేర్ ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ లాంటి సుఖం ఇక్కడ లేదు. ఎల్‌వీఎం (డిస్క్‌ను ముక్కలు చేసి పంచే లినక్స్ ఏర్పాటు) వేసుకోవాలి, దాని మీద ప్రాక్స్‌మాక్స్ 8 వరకూ స్నాప్‌షాట్లు లేవు. 2025 ఆగస్టులో వచ్చిన 9లో ఆ సదుపాయం పెట్టారు గానీ ప్రివ్యూ అనే చెప్పారు. అసలు పనికి నేను వాడటం లేదు. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీసే అలవాటు పోయి, బ్యాకప్ తీసే అలవాటు వచ్చింది. డిస్కులకు డిస్కార్డ్ టిక్ పెట్టడం కూడా మర్చిపోకండి. అది లేకపోతే లోపల ఫైళ్లు తీసేసినా థిన్ పూల్‌లో (వాడినంతే జాగా ఇచ్చే డిస్క్ నిల్వలో) జాగా తిరిగి రాదు. మా పూల్ 94 శాతానికి వెళ్లాక గానీ ఆ టిక్ లేదని గమనించలేదు. టిక్ పెట్టి వీఎంలను ఆపి లేపి, లోపల ట్రిమ్ (ఖాళీ జాగాను తిరిగి ఇచ్చే ఆదేశం) నడిపితే 60 దగ్గరకు దిగింది.

43లో 42 వచ్చాయి. మిగిలింది ఒక ఫోన్ సిస్టమ్ అప్లయన్స్ (విక్రేత సిద్ధం చేసి ఇచ్చిన వీఎం). దాని విక్రేత ఈఎస్ఎక్స్ఐ మీద తప్ప మద్దతు ఇవ్వమని రాతపూర్వకంగా చెప్పారు. కాపీ తీసి ప్రయత్నించాం. లేచింది, పది నిమిషాలు పనిచేసింది, లైసెన్స్ చెల్లదని చెప్పి కాల్స్ ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో ఉచిత ఈఎస్ఎక్స్ఐ మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి ర్యాక్ అడుగున ఒక చిన్న మెషీన్ మీద దాన్ని వేసి ఆ ఒక్క వీఎంను అందులో ఉంచాం. ఆటోస్టార్ట్ పెట్టి ఉన్నది ఇప్పుడు దానికొక్కదానికే.