పడవ పక్కగోడకు బిగించే గాలపు రాడ్ స్టాండు, రాడ్లకు వేసే వల తొడుగులు: రెండు సీజన్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

నా మొదటి కార్బన్ రాడ్ అరకిలో కూడా తూగని చేపను లాగుతుండగా విరిగింది. చప్పుడు పెద్దగా లేదు, ఎండుపుల్ల విరిచినట్టు టక్కున వినిపించింది. విరిగినది కొన దగ్గర కాదు, పిడికి మూరెడు పైన, రాడ్ బాగా లావుగా, బలంగా ఉండే చోట. ఆ ముక్కను వెలుగులో తిప్పి చూస్తే పైపూత మీద బియ్యపు గింజంత గాటు, దాని చుట్టూ పాలిపోయిన మచ్చ కనిపించాయి. పడవ ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్తున్నంతసేపూ వదులుగా వేలాడుతున్న సీసపు గుండు ఊగి ఊగి అదే చోట కొట్టుకుంటూ వచ్చిందని, ఆ గాటును, గాలపు దారం (లైన్) పొడవును పక్కపక్కన పెట్టి చూశాక అర్థమైంది. అప్పటి నుంచి పడవలో రాడ్లను ఎలా పెట్టాలన్న విషయాన్ని నేను తేలికగా తీసుకోవడం మానేశాను. ఇక్కడ సమీక్షిస్తున్న సెట్టును కొన్నది కూడా అందుకే.

కార్బన్ రాడ్ నిజానికి పలుచని గోడ ఉన్న బోలు గొట్టం. దానిలోని నారపోగులు చాలావరకు నిలువునా సాగి ఉంటాయి కనుక వంగినప్పుడు అది ఆశ్చర్యపడేంత బరువును తట్టుకుంటుంది. అదే రాడ్‌కు పక్క నుంచి చిన్న దెబ్బ తగిలితే కొన్ని పోగులు తెగిపోతాయి, పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా. ఆ తర్వాత ఎప్పుడో రాడ్ వంగినప్పుడు ఒత్తిడంతా ఆ బలహీనమైన చోట చేరి అక్కడే విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ రాడ్లు ఇలాంటి దెబ్బలను మరింత ఓర్చుకుంటాయి, కానీ బరువు ఎక్కువ. కాబట్టి తేలికైన కార్బన్ రాడ్‌ను ఎంచుకున్నవారు దాన్ని వాడేటప్పటి జాగ్రత్త కంటే వాడనప్పటి జాగ్రత్తనే ఎక్కువగా నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం.

సెట్టులో రెండు స్టాండు పలకలు, మూడు వల తొడుగులు, సాగే పట్టీలు, బిగించే స్క్రూలు ఉన్నాయి. పలకలు నీరు పీల్చని గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. ఒక్కొక్కదానికి మూడు గాడులు, గాడి లోపల ఈవీఏ అనే మెత్తని ప్లాస్టిక్ నురగ పొర ఉన్నాయి. ఒక పలకను పడవ వెనుక వైపు, మరొకదాన్ని ముందు వైపు పక్కగోడకు లోపలి నుంచి బిగించి, రాడ్లను అడ్డంగా, ఒకదాని కింద ఒకటిగా పెట్టుకోవాలి. 7 అడుగుల రాడ్లకు రెండు పలకల మధ్య సుమారు 120 సెంటీమీటర్ల దూరం నాకు సరిపోయింది. అంతకంటే దగ్గరగా బిగించి చూసినప్పుడు పడవ అలలపై ఎగిరిన ప్రతిసారీ కొనలు కొరడాల్లా ఊగాయి.

ముందుగా తొడుగుల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సెట్టులో అసలైన విలువ వాటిదే. పాలిస్టర్ పోగులను గొట్టంలా అల్లిన ఈ వల తొడుగును రెండు చివరలా నొక్కితే వెడల్పవుతుంది, లాగితే సన్నబడి రాడ్‌ను పట్టుకుంటుంది. కొన వైపు నుంచి తొడిగి, వెడల్పు మూతిని మెల్లగా ముందుకు నొక్కుతూ పోతే గైడ్లు, అంటే లైన్ దూరి వెళ్లేందుకు రాడ్ పొడవునా ఉండే ఉంగరాలు, దేనికీ తగలకుండా లోపలికి వెళ్తాయి. తొందరపడి లాగితే మాత్రం అల్లిక బిగుసుకుని గైడ్ కాలిని పట్టుకుంటుంది. మొదటి వారంలో నాకు ఇది చిరాకు తెప్పించింది, తర్వాత చేతికి అలవాటైంది. తొడుగు వేశాక మూడు రాడ్లను ఒకే చేత్తో పట్టుకుని ఒడ్డు నుంచి పడవలోకి తెచ్చినా ఒకదాని లైన్ మరొకదాని గైడ్లలో చిక్కుకోవడం లేదు, కొక్కేలు బట్టలకు తగులుకోవడం లేదు. దారి పొడవునా రాడ్లు ఒకదానికొకటి రాసుకుని కలిగే గీతలు పూర్తిగా ఆగిపోయాయి. అల్లికలో కన్నాలు ఉన్నందున గాలి ఆడి తడి త్వరగా ఆరిపోతుంది. ఇంతకుముందు వాడిన, నియోప్రీన్ అనే రబ్బరుతో చేసిన మందపాటి తొడుగు దెబ్బను ఇంకా బాగా ఆపేది, కానీ నీటిని గంటల తరబడి పట్టి ఉంచేది.

తొడుగుల్లో లోపం లేకపోలేదు. రీల్ (లైన్ చుట్టుకునే చక్రం) రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రాడ్‌కు ఆ రీల్ వైపు ఉండే మొదటి గైడ్ పెద్దది, రాడ్ నుంచి బాగా ఎత్తుగా నిలబడి ఉంటుంది. సెట్టుతో వచ్చిన తొడుగులు మూడూ ఒకే వెడల్పువి కావడంతో, రీల్ పైన కూర్చునే బెయిట్‌కాస్టింగ్ రాడ్లకు చక్కగా సరిపోయాయి కానీ, స్పిన్నింగ్ రాడ్ మొదటి గైడ్ దగ్గర అల్లిక బిగుతుగా సాగి, ఒక సీజన్‌లోనే పోగులు విడిపోయాయి. రెండు వెడల్పుల్లో తొడుగులు ఇవ్వడం తయారీదారుకు పెద్ద కష్టం కాదు. కొన దగ్గర కుట్టిన చిన్న తోలు జేబులో ఇసుక చేరుతుందన్నది మరో ఇబ్బంది. కొన గైడ్ నేరుగా ఆ ఇసుక మీదే ఆనుతుంది కనుక నెలకొకసారి జేబును తిరగేసి కడగాలి.

గైడ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గైడ్ లోపలి ఉంగరం సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్ లేదా సిలికాన్ కార్బైడ్‌తో చేసిన సెరామిక్. అది రాపిడికి చాలా గట్టిది, కానీ గట్టి అంచుకు తగిలితే పగులుతుంది. వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు, లైన్‌ను మాత్రం కత్తిలా కోస్తుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను ప్రతి గైడ్ లోపల ఒక చుట్టు తిప్పండి, పగులు ఉన్న చోట దూది పోగు చిక్కుకుని నిలిచిపోతుంది. తొడుగులు వాడటం మొదలుపెట్టాక ప్రతి నెలా ఇలా పరీక్షించాను, రెండు సీజన్లలో ఒక్క పగులూ కనిపించలేదు. అంతకు ముందు ఏడాది రెండు గైడ్లు మార్పించాను. గాలపు కొక్కేన్ని గైడ్ ఉంగరానికి తగిలించి వదిలే అలవాటును కూడా అప్పుడే మానుకున్నాను. పిడికి పైన ఉండే కొక్కెం పట్టీకి తగిలించి, లైన్‌ను వదులు లేకుండా చుట్టి, గుండును తొడుగు లోపలికి చేర్చడం సరైన పద్ధతి.

స్టాండు గురించి అంత మెచ్చుకోలుగా రాయలేను. పలకలు దృఢంగా ఉన్నాయి, రెండు సీజన్ల ఎండలో పెళుసెక్కలేదు. ఈవీఏ నురగ నీటిని పీల్చదు కాబట్టి ఎంపిక కూడా మంచిదే. అయితే నురగను అతికించిన జిగురు వెనుక పలకలో మూడో నెలకే ఊడింది, నీటిని తట్టుకునే జిగురుతో నేనే మళ్లీ అతికించాను. స్క్రూల విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఉప్పునీటిలో రెండు ప్రయాణాలకే వాటి తలల చుట్టూ తుప్పు చారలు దిగాయి. పడవ కోసమని అమ్మే వస్తువుతో ఉప్పునీటి తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు ఇవ్వకపోవడం క్షమించదగిన పొదుపు కాదు. మొత్తం మార్చి, ప్రతి రంధ్రంలోనూ సముద్రపు పడవలకు వాడే, నీరు చొరకుండా ఆపే సీలెంట్ నింపి బిగించాను. రంధ్రం వేసే ముందు గోడ వెనుక వైర్లు గానీ ఇంధన గొట్టం గానీ లేవని తప్పక చూసుకోవాలి.

గాడుల మధ్య దూరం మరో సమస్య. మూడు స్పిన్నింగ్ రీళ్లు ఒకే వైపు ఉంటే వాటి హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. మధ్య రాడ్‌ను తిప్పి, పిడిని పడవ ముందు వైపుకు ఉంచితే ఇబ్బంది తీరుతుంది. మిగిలిన రెండింటి కొనలు మాత్రం మనుషులు అడుగు వేయని ముందు మూలకే ఉండాలి. పట్టీని బిగించేటప్పుడు రాడ్ ఏమాత్రం వంగకుండా, పట్టీ పిడి మీదే పడేలా చూసుకోవాలి, బోలు భాగాన్ని బిగించి కట్టకూడదు.

నిలువు గొట్టాల్లో రాడ్లను నిలబెట్టడం కంటే ఈ అడ్డం స్టాండు మేలా అని అడిగితే, ప్రయాణ సమయానికి మేలే అంటాను. చేపలు పడుతున్నప్పుడు చేతికి అందేలా నిలువు గొట్టం అనుకూలం. కానీ నిలబెట్టిన రాడ్లు చెట్ల కొమ్మలకు, వంతెనల అడుగు భాగాలకు తగులుతాయి. కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక కరెంటు తీగల కింద, ఉరుముల వేళ అవి ప్రాణాంతకం కూడా. మూత ఉన్న అరలో గొట్టాలు అమర్చి అందులో రాడ్లను దాచడం దెబ్బల నుంచి అన్నిటికంటే మంచి రక్షణ ఇస్తుంది. అయితే తడి రాడ్‌ను అలాగే మూసి ఉంచితే కార్క్ పిడికి బూజు, గైడ్ చట్రాలకు తుప్పు పడతాయి. ఏ పద్ధతిలోనైనా ఉప్పునీటి నుంచి వచ్చాక మంచినీటితో సన్నని ధారగా కడిగి, ఆరాకే తొడుగు వేయాలి. పడవను ట్రెయిలర్‌పై రోడ్డు మీద లాక్కెళ్లేటప్పుడు నేను ఈ స్టాండును కూడా నమ్మను, గతుకుల అదురుకు పట్టీలు జారుతున్నాయి. రాడ్లను తీసి వాహనం లోపల పెడతాను.

మొత్తం మీద తొడుగులకు ఐదులో నాలుగు మార్కులు, స్టాండుకు రెండున్నర ఇస్తాను. ఒక్కటే కొనగలిగితే తొడుగులు కొనండి. స్టాండు కూడా కావాలనుకునేవారు ముందు తమ పడవ పక్కగోడ లోపలి ఎత్తును, తమ రీల్ రాడ్ నుంచి ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో ఆ కొలతను టేపుతో కొలిచి చూసుకోవాలి. గోడ పైఅంచు లోపలికి వంగి ఉండి, ఆ రీల్ దాని నీడలో ఇమిడితేనే ఈ స్టాండు పనికొస్తుంది. లేకపోతే నడిచే దారిలో మోకాలికి తగిలేది రీల్ హ్యాండిలే.