పదోన్నతి ఫైలు చేసిచ్చే దుకాణం: బైండింగు భేష్, సైటేషన్ల లెక్క మాత్రం మీరే సరిచూసుకోవాలి

తిరుపతి బాలాజీ కాలనీ పరిసరాల్లో అధ్యాపకుల పదోన్నతి దరఖాస్తులు తయారుచేసి ఇచ్చే ఒక డీటీపీ దుకాణానికి గత నెల నా ఇరవై రెండేళ్ల పరిశోధన కాగితాలన్నీ అప్పగించాను. వేరుశనగ మొక్క నీటి ఎద్దడిని తట్టుకోవడంలో ఏయే జన్యువుల పాత్ర ఉందన్నది నా పరిశోధనాంశం. వ్యాసాల జాబితా, సైటేషన్ల (అంటే ఇతరులు మన వ్యాసాలను ఉదహరించిన) సంఖ్య, హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు (ఒక పత్రిక వ్యాసాలకు సగటున వచ్చే ఉదహరింపుల కొలత), వాటి ఆధారపత్రాలు, అన్నీ కలిపి రెండు ప్రతులు బైండు చేసి ఇచ్చినందుకు 2,400 రూపాయలు తీసుకున్నారు.

ముందుగా మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఒక వ్యాసానికి ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు, అంతకు మించి ఉంటే మొదటి లేదా బాధ్య (కరస్పాండింగ్) రచయితకు 70, మిగిలినవారికి తలా 30 శాతం వస్తాయి. నేను మూడో రచయితగా ఉన్న ఒక వ్యాసానికి పొరపాటున 70 వేసుకుంటే, ఆ దుకాణంలోని కుర్రవాడే పట్టుకుని సరిచేశాడు. ఏ పత్రం ఎక్కడుందో తీయగానే దొరికేలా రంగు చీటీలు అతికించి, ప్రతి పేజీకీ సంఖ్య వేశాడు.

అసలు చిక్కు సైటేషన్ల దగ్గర వచ్చింది. నా హెచ్-ఇండెక్స్ 12 అని నాకు తెలుసు. అంటే కనీసం 12 సార్లు ఉదహరించబడిన వ్యాసాలు నావి 12 ఉన్నాయన్నమాట. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ కొలమానం ఫైల్లో 17గా అచ్చయింది. ఎలాగా అని జాబితా తిరగేస్తే, గేదెల పొదుగువాపు మీద ఎవరో రాసిన వ్యాసంతో పాటు ఇతరుల వ్యాసాలు మరికొన్ని నా పేరున కనిపించాయి. మన ఇంటిపేర్లూ పొడి అక్షరాలూ విదేశీ పత్రికల్లో తలకిందులై, చివరనున్న రెడ్డి ఇంటిపేరుగా మారిపోవడంతో, ఒకే పొడి అక్షరాలున్న వేర్వేరు మనుషులు ఒక్కరైపోతారు. ఆ మాట చెబితే కుర్రవాడు, "పేరు సరిపోయింది కదా సార్, ఎక్కువుంటే మీకే మంచిది కదా" అన్నాడు. పరిశీలన సంఘం ముందు కూర్చోవలసింది నేను కదా!

పైగా మొత్తం సైటేషన్లు గూగుల్ స్కాలర్ నుంచీ, హెచ్-ఇండెక్స్ వేరొక చోటు నుంచీ తీసి ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టారు. స్కాలర్ సిద్ధాంత గ్రంథాలనూ, సదస్సు పత్రాలనూ కూడా లెక్కిస్తుంది కాబట్టి, తాము ఎంచుకున్న పత్రికలకే ప్రాధాన్యమిచ్చే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ సూచికల కంటే సాధారణంగా పెద్ద సంఖ్య చూపిస్తుంది. ఆధారం ఏదో రాయకుండా రెండింటినీ కలపడం తప్పు.

మరొకటి చిన్నదే అయినా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నా వ్యాసాల్లో ఎక్కువ సైటేషన్లు వచ్చింది, నూనె, మాంసకృత్తులు నిండిన వేరుశనగ గింజల నుంచి, జన్యువుల సందేశాన్ని మోసే శుభ్రమైన ఆర్‌ఎన్‌ఏ తీసే పద్ధతి మీద రాసినదానికి. దుకాణంవారు దాన్నే "ప్రధాన ఆవిష్కరణ" అని మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేశారు. ప్రయోగ పద్ధతుల వ్యాసాలకు ఉదహరింపులు ఎక్కువ రావడం ఈ రంగంలో మామూలే. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ఉదహరించబడిన వంద వ్యాసాలను లెక్కగడితే, ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి గురించిన 1951 నాటి వ్యాసం మూడు లక్షలకు పైగా సైటేషన్లతో మొదట నిలిచింది. డీఎన్‌ఏ జంట మెలికను చూపిన వాట్సన్, క్రిక్‌ల 1953 వ్యాసానికి ఆ వందలో చోటే దక్కలేదు. మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి నేటికీ జీవరసాయన ప్రయోగశాలల్లో వినబడే పేరే. ఆ వరుసలో నా పద్ధతి ఎక్కడా లేదు, కానీ దాన్ని ఆవిష్కరణ అనడం నాకు ఇబ్బందిగా ఉండి, కరవును తట్టుకునే జన్యువు మీద రాసిన, సైటేషన్లు తక్కువున్న వ్యాసాన్ని ముందుకు మార్పించాను.

తప్పులు చూపించాక అదనపు రుసుము అడగకుండా పట్టికలు తిరిగి వేశారు, ఆ మర్యాదకు ఒక నక్షత్రం ఎక్కువే వేస్తున్నాను. వెళ్లేవారు పరిశోధకులను గుర్తించే తమ పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్యనూ, సరిచూసిన వ్యాసాల జాబితానూ వెంట తీసుకెళ్తే వారి పని వేగం, బైండింగు నాణ్యత నిజంగా ఉపయోగపడతాయి. నా రెండో ప్రతిలో మాత్రం గేదెల వ్యాసం పేజీ ఇంకా అలాగే ఉంది. కార్యాలయంలో ఇచ్చే రోజు ఉదయం నేనే బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీశాను.